ఏ ఊరని అడక్కూడని గది

మొదట డబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఆ పనిలో నేను చేరింది డబ్బు కోసమే. 2018, ఎచ్చెర్లలో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, రెండో సంవత్సరం. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. ఆ ఏడు గోగునారకి ధర రాలేదు, నాన్న ఫోన్‌లో ఆ మాట చెప్పకుండా వాతావరణం గురించి ఎక్కువసేపు మాట్లాడుతున్నాడంటే ఇంట్లో చేతులు ఖాళీ అని నాకు అర్థమయ్యేది. హైవే పక్కన ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో స్టూడెంట్ వెల్‌నెస్ సెంటర్ అని కొత్తగా బోర్డు పెట్టారని, సాయంత్రాలు కూర్చోడానికి పీజీ చదివేవాళ్లు కావాలని తెలిసి వెళ్లాను. కాలేజీ పేరెందుకు లేండి, ఆ రోడ్డు మీద కాలేజీలకి కొదవా. ఇచ్చేది మెస్ బిల్లుకి సరిపోయి ఆటో చార్జీలకి కొంచెం మిగిలేది. చిలకపాలెం జంక్షన్‌లో షేర్ ఆటో ఎక్కి వెళ్లేదాన్ని, తిరిగొచ్చేటప్పుడు పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్ట్ దిగినవాళ్లతో బస్సులు కిక్కిరిసి ఉండేవి, నిలబడే నిద్రపోయేవాళ్లు కొందరు.

వెల్‌నెస్ సెంటర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మెస్‌కి, స్టేషనరీ షాపుకి మధ్యలో ఒక గది. ఒక మంచం, ఆకుపచ్చ కర్టెన్, బీపీ మిషన్, బరువు చూసే మిషన్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పారాసిటమాల్, వేడినీళ్ల బ్యాగు. గోడ మీద నవ్వుతున్న ఫారిన్ కుర్రాళ్ల పోస్టర్ ఒకటి, అది ఎవరు అంటించారో ఎవరికీ తెలీదు. డాక్టర్ గారు వారానికి రెండుసార్లు వచ్చేవారు. విశాఖ నుంచి ఒక సైకాలజిస్టు మేడమ్ రెండు వారాలకోసారి శనివారం వచ్చేవారు. మిగతా రోజుల్లో ఆ గదికి దిక్కు సిస్టర్ ఒక్కరే.

సిస్టర్‌ది నరసన్నపేట వైపు. గవర్నమెంటు ఆసుపత్రుల్లో చాలా ఏళ్లు కాంట్రాక్టు మీద చేసి ఇక్కడ చేరింది. ఎవరొచ్చినా ఆవిడ మొదటి మాట "ఏటి బావు, అన్నం తిన్నావా?" అనే. కడుపునొప్పి అన్నా అదే, కాలు బెణికిందన్నా అదే. నేను క్లాసులో నేర్చుకున్న ర్యాపో బిల్డింగ్, అంటే ఎదుటివాళ్లకి నమ్మకం కలిగేలా మాట కలపడం, అదీ ఇదీ మనసులో పెట్టుకుని ఏదో మొదలుపెట్టేలోపే ఆవిడ స్టూలు లాగి, మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, తినలేదంటే మెస్‌లోంచి రెండు ఇడ్లీలు తెప్పించేది.

చేరిన రోజునే ఆవిడ నాకొక షరతు పెట్టింది. "అమ్మా, ఏదడిగినా అడుగు. ఏ ఊరని మాత్రం అడక్కు."

మా వైపు వాళ్లకి ఇది ఎంత కష్టమో మీకు తెలియాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇద్దరు మనుషులు కలిస్తే మొదటి ప్రశ్న ఏ ఊరు, రెండోది ఎవుల తాలూకు, అంటే ఎవరి వాళ్లని, మూడో ప్రశ్నకి చుట్టరికం బయటికొస్తుంది. బస్సులో పక్క సీటావిడ రణస్థలం దాటేలోపు మన పెదనాన్న తోడల్లుడిని గుర్తుపట్టేస్తుంది. అలాంటి చోట ఒక కుర్రాడు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు అని చెప్పడానికి ఎంతో ధైర్యం చేసుకుని వస్తాడు, మనం ఆప్యాయంగా ఏ ఊరు బాబూ అంటాం, అంతే. వాడికి వాళ్ల వీధి, మేనత్త, కిరాణా కొట్టు అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొస్తాయి. ఏం లేదు మేడమ్, తలనొప్పి, టాబ్లెట్ ఇవ్వండి అని లేచిపోతాడు. మా అటెండరు బాబాయి ఈ పని రోజూ చేసేవాడు పాపం, మంచి మనిషి, గుమ్మంలోనే కూర్చుని "ఎవుల తాలూకు బావు నువ్వు" అని నవ్వుతూ పలకరించేవాడు. ఆయన టీకి వెళ్లినప్పుడే గదికి గిరాకీ. సిస్టర్ ఆయనకి సాయంత్రం ఆరు తర్వాత మెస్ వెనక పంపు దగ్గర డ్యూటీ ఒకటి కనిపెట్టి పెట్టింది. అక్కడ ఏం డ్యూటీయో నాకిప్పటికీ తెలీదు.

అసలు సమస్య రిజిస్టర్‌తో ఉండేది. టేబుల్ మీద పెద్ద పొడుగు పుస్తకం. తేదీ, పేరు, బ్రాంచి, సమస్య, ఇచ్చిన మందు, సంతకం. వచ్చినవాడే రాసుకోవాలి. రాసేటప్పుడు పైన ఉన్న పదిమంది పేర్లు, వాళ్ల సమస్యలు కనిపిస్తాయి కదా, కింద రాయబోయేవాళ్లకి తమవీ కనిపిస్తాయని తెలుసు కదా. అందుకని ఆ పుస్తకం ప్రకారం ఆ కాలేజీలో మూడు బ్రాంచీలకీ తలనొప్పే. పేజీలకి పేజీలు. సబ్జెక్టు పోయినవాడికీ, ప్రేమ చెడినవాడికీ, ర్యాగింగ్‌కి భయపడి రూము మారాలనుకున్నవాడికీ అందరికీ తలనొప్పే. నెలాఖరుకి ఆ పుస్తకం ఆఫీసుకి వెళ్లేది, అక్కడ ఎవరెవరు తిరగేస్తారో అడక్కండి.

దీన్ని మార్చడానికి నేనూ సిస్టరూ చాలా తంటాలు పడ్డాం. చివరికి సైకాలజిస్టు మేడమ్ మేనేజ్‌మెంటుతో మాట్లాడి ఒప్పించారు. మందుల లెక్కకి ఒక పుస్తకం, అందులో సమస్య అనే కాలమే లేదు. మాట్లాడటానికి వచ్చినవాళ్లకి విడిగా ఒక కార్డు, దాని మీద నంబరు ఒక్కటే, ఏ నంబరు ఎవరిదో తెలిపే చిన్న నోటుబుక్ తాళం వేసిన బీరువాలో. ఆఫీసుకి వెళ్లేది ఈ నెల ఇంతమంది వచ్చారు అన్న అంకె మాత్రమే. ఇది రాకెట్ సైన్సేమీ కాదు, ఏ మంచి ఆసుపత్రిలోనైనా చేసేదే. కానీ పుస్తకంలో కాన్ఫిడెన్షియాలిటీ అనే చాప్టర్ చదివి పరీక్ష రాయడం వేరు, బీరువా తాళంచెవి పర్సులో పెట్టుకుని తిరగడం వేరు. ఆ తాళంచెవి ఉన్నన్నాళ్లూ బస్సులో పర్సు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను.

ఆ మధ్యే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది, 2018 మే 29 నుంచి. అందులో 23వ సెక్షన్ మానసిక చికిత్స పొందేవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది, ప్రాణాపాయం లాంటివి ఉంటే మినహాయింపులు ఉన్నాయి. క్లాసులో విని వచ్చి మేడమ్‌కి గొప్పగా చెప్పాను. ఆవిడ నవ్వి, మన గదికి అది అక్షరాలా వర్తిస్తుందా అంటే వాదించుకోవచ్చు, కానీ నువ్వు మాత్రం వర్తిస్తుందనుకునే పని చెయ్ అన్నారు. కొన్నాళ్లకే అవసరం పడింది. ప్లేస్‌మెంట్ల సీజనుకి ముందు ఒక లెక్చరర్ గారు వచ్చి, మెంటల్‌గా వీక్‌గా ఉన్న పిల్లల లిస్టు ఒకటి ఇవ్వమ్మా, కంపెనీల ముందు ఇబ్బంది పడకుండా చూసుకుంటాం అన్నారు. ఆయన ఉద్దేశం చెడ్డదని ఇప్పటికీ అనుకోను. లిస్టు మాత్రం ఇవ్వలేదు. ఎంతమంది వచ్చారో అంకె చెప్పి, పేర్లు మేడమ్‌ని అడగండి సార్ అన్నాను. ఆయన మేడమ్‌ని అడగలేదు. ఆ సెమిస్టరంతా కారిడార్‌లో నాకు నమస్కారం పెట్టే అవకాశం ఇవ్వకుండా పక్కకి తిరిగి వెళ్లిపోయేవారు, అదొక్కటే నష్టం.

నిజంగా నేను వృత్తి నేర్చుకుంది ఆ మేడమ్ దగ్గర, శనివారాల్లో. మాకు ఎంఎస్‌డబ్ల్యూలో ప్రాసెస్ రికార్డింగ్ అని ఉంటుంది, ఫీల్డ్‌వర్క్‌లో ఎవరితో ఏం మాట్లాడామో మొత్తం రాయాలి. నేను భలే రాసేదాన్ని, అతని ముఖంలో తీరని వేదన కనిపించింది అని. క్లాసులో మంచి మార్కులు కూడా వచ్చేవి. మేడమ్ పెన్ను తీసి ఆ లైను కొట్టేశారు. "వేదన నీకెలా కనిపించింది? ఏం కనిపించిందో అది రాయి." కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండుసార్లు మంచినీళ్లు అడిగాడు. ఫోన్ మోగినా తియ్యలేదు. రాత్రి మూడింటి దాకా మేలుకుంటున్నానన్నాడు. ఇలా రాయాలి. మొదట్లో చప్పగా అనిపించింది, కొన్ని కార్డులు అలా రాశాక తేడా తెలిసింది. మూడు వారాల తర్వాత అదే కుర్రాడు మళ్లీ వస్తే పాత కార్డులో వేదన అని ఉంటే దాంతో ఏం చేసుకుంటాను? మూడింటి దాకా మేలుకుంటున్నాడు అని ఉంటే, ఇప్పుడు ఎన్నింటికి పడుకుంటున్నావని అడగొచ్చు.

డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టిక కూడా ఆవిడే నేర్పారు. గత రెండు వారాల్లో ఎలా ఉందో అడిగే 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలి, అంతేగానీ ఆ అంకె జబ్బు పేరు కాదు అని పదే పదే చెప్పేవారు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనిపించిందా, తమకి తాము హాని చేసుకోవాలనిపించిందా అన్న దాని గురించి. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా ఆ పిల్లని ఒంటరిగా పంపకూడదు, టైం ఎంతైనా తనకి ఫోన్ చెయ్యాలి అనేవారు మేడమ్. ఆ ప్రశ్న అడిగేటప్పుడు మొదట్లో నా గొంతు తగ్గిపోయేది. సిస్టర్ పక్కనుంచి, గట్టిగా అడగమ్మా, అడిగితే వచ్చే జబ్బు కాదది అనేది.

పెద్దాసుపత్రికి పంపాలంటే మాత్రం గండం. సైకియాట్రీ అనగానే, "నన్ను చినవాల్తేరు పంపేస్తారా మేడమ్" అని అడిగేవాళ్లు. మా ఉత్తరాంధ్రలో చినవాల్తేరు అంటే విశాఖలోని మానసిక ఆసుపత్రి అని చిన్నపిల్లలకీ తెలుసు, అదొక తిట్టు. శ్రీకాకుళం సర్కారు ఆసుపత్రిలోనే ఓపీ ఉంటుంది, చూపించుకుని సాయంత్రానికి హాస్టల్‌కి వచ్చేయొచ్చు అని చెప్పి, ఒప్పుకున్నవాళ్లతో సిస్టరో నేనో వెళ్లేవాళ్లం. ఓపీ చీటీ లైన్లో మన పక్కన ఎముకల డాక్టరుకి వచ్చినవాళ్లు, దగ్గుకి వచ్చినవాళ్లు ఉంటారు కదా, ఆ లైనే సగం భయం తీసేసేది.

ఆడపిల్లలు గదికి రావడానికి దారి వేరేగా దొరికింది, బరువు మిషన్. దాని మీద ఎక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. నలుగురు వచ్చేవాళ్లు, ముగ్గురు వెళ్లిపోయేవాళ్లు, ఒక పిల్ల చున్నీ సర్దుకుంటూ ఆగిపోయేది. ఒకసారి క్యాంపు పెట్టి హిమోగ్లోబిన్ చూస్తే చాలామందికి 12 కన్నా తక్కువే వచ్చింది, ఆడపిల్లలకి కనీసం 12 ఉండాలి. ఐరన్ మాత్రలు ఇచ్చాం. మర్నాడు పొద్దున్నే ఒక గుంపు పరిగెత్తుకొచ్చింది, అక్కా, నల్లగా వెళ్తోంది, ఏమైపోతామో అని ఏడుపు మొహాలతో. ఐరన్ మాత్ర వేసుకుంటే అలాగే ఉంటుందమ్మా అని చెప్పి, టీతో పాటు వేసుకోకండి, ఒంటికి పట్టదు అని బోర్డు మీద రాశాం. దాని కింద ఎవరో "అయితే కాఫీ?" అని రాశారు. సిస్టర్ మెస్ వంటమనిషిని పట్టుకుని పొద్దున్నపూట చోడి అంబలి, అదే రాగి అంబలి, పెట్టించింది. మొదటి వారం ఎవరూ ముట్టలేదు, ఇంట్లో తాతలు తాగేది మాకెందుకు అని. తర్వాత బెల్లం కలిపారు.

ఇక తిత్లీ తుఫాను. 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున. పలాస దగ్గర, వజ్రపుకొత్తూరు మండలం మీదుగా తీరం దాటింది. ఎచ్చెర్ల వైపు మాకు గాలీ వానా తప్ప పెద్ద దెబ్బ లేదు. కానీ హాస్టల్లో సగానికి సగం ఉద్దానం పిల్లలు, అంటే జిల్లాకి ఉత్తరాన తోటలుండే తీరప్రాంతం వాళ్లు. మందస, సోంపేట, కవిటి, కంచిలి, పలాస. ఫోన్లు కలవడం లేదు, కరెంటు లేదు, చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి, రైళ్లు ఆగిపోయాయి. దసరా సెలవులు ఇంకా ఇవ్వలేదు. పిల్లలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని డాబా మీద తిరుగుతున్నారు, స్విచాఫ్ వస్తే మళ్లీ నొక్కడం.

ఆ రోజు నేను గదికి వెళ్లేసరికి సిస్టర్ గుమ్మం బయట బల్ల వేయించి కూర్చుంది, తెల్లకాగితాల దస్తా పెట్టుకుని. ఎవరొస్తే వాళ్లని పేరు కాదు, మొట్టమొదట అడుగుతోంది, "ఏ ఊరు బావు?"

ఏ ప్రశ్నని ఆ గదిలో నోటి వెంట రానివ్వొద్దందో అదే. పక్కన అటెండరు బాబాయిని కూర్చోబెట్టింది, ఈసారి పంపు దగ్గర డ్యూటీ లేదు. ఆయనకి టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా ప్రతి ఊరికీ దారి తెలుసు, ఎవరి ఇల్లు ఏ రామమందిరం పక్కనో కూడా తెలుసు. ఎవుల తాలూకు అని అడుగుతూ ఉంటే పిల్లలు గబగబా చెబుతున్నారు, తాత పేరు, ఇంటిపేరు, కొబ్బరితోట గట్టు, అన్నీ. మండలాల వారీగా రాసుకున్నాం. పలాస వైపు మోటారుసైకిళ్ల మీద బయల్దేరిన పెద్ద క్లాసు కుర్రాళ్లకి, ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లకి ఒక్కో కాగితం ఇచ్చాం. రెండోరోజు సాయంత్రం నుంచి చీటీలు రావడం మొదలైంది. చాలా వాటి మీద ఒకటే సమాచారం. అందరూ బాగున్నారు, తోట పోయింది.

మనుషులు బాగున్నారనేసరికి పిల్లలు నవ్వారు, ఒకర్నొకరు కొట్టుకున్నారు, ఆ రాత్రి మెస్‌లో అన్నం సరిపోలేదు. తోట పోయింది అన్న రెండో సగం అర్థమవడానికి నెల పట్టింది. జీడితోట, కొబ్బరితోట అంటే ఉద్దానంలో పిల్ల పెళ్లి, పిల్లాడి ఫీజు, ముసలాళ్ల మందులు అన్నీ. కొబ్బరి మొక్క పెట్టి మళ్లీ కాపు చూడాలంటే ఏళ్లు. దీపావళి దాటాక ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు, తలనొప్పి అని. ఈసారి అది తలనొప్పి కాదని మాకు తెలుసు, మాకు తెలుసని వాళ్లకీ తెలుసు, ఎందుకంటే వాళ్ల ఊరి పేరు ఆ కాగితం మీద మా చేత్తోనే రాశాం. చదువు మానేసి చెన్నైకి పనికెళ్లిపోతానన్న ఒక కుర్రాడితో నేను కౌన్సెలింగ్ అంటూ ఏమీ చెయ్యలేదు. పరీక్ష ఫీజు గడువు ఎప్పుడో, ఎవరిని అడిగితే వాయిదా ఇస్తారో, స్కాలర్‌షిప్ ఎక్కడ ఆగిందో కనుక్కోవడమే సరిపోయింది. మేడమ్ దాన్ని చూసి, ఇది సోషల్ వర్కే, నీకిచ్చిన డిగ్రీ పేరే అది, మొహమాటపడకు అన్నారు.

ఆ పిల్లల్లోనే ఒక అమ్మాయి వారానికోసారి బీపీ చూపించుకునేది. ఇరవై ఏళ్ల పిల్లకి బీపీ ఏమిటి అనుకోకండి. వాళ్ల నాన్న డయాలసిస్‌లో ఉన్నారు, తనకీ అదే జబ్బు వస్తుందేమోనని భయం. ఉద్దానంలో ఊళ్లకి ఊళ్లే కిడ్నీ జబ్బు, ఎన్ని పరీక్షలు చేసినా కారణం ఇదీ అని తేల్చలేదు. ఆ అమ్మాయి బీపీ ఎప్పుడూ మామూలుగానే ఉండేది. చూపించుకుని, పాదాలు నొక్కి చూసుకుని, వాపు లేదు కదక్కా అని అడిగి వెళ్లేది. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకో, చిన్న రక్తపరీక్షే కదా అని సిస్టర్ చాలా పోరింది. చేయించుకోలేదు. నేను పోరలేదు. తెలుసుకోవాలా వద్దా అన్నది తన ఇష్టం అని నా వాదన, ముందే తెలిస్తే మందుతో కాపాడుకోవచ్చు కదా అని ఆవిడ వాదన. ఈ విషయంలో మా ఇద్దరికీ ఒక సాయంత్రం గట్టిగానే మాటలయ్యాయి. ఇప్పుడు ఆసుపత్రిలో పనిచేస్తూ చూస్తే సిస్టర్ వైపే కాస్త మొగ్గుతాను, కాస్తే.

2019లో కోర్సు అయిపోయింది. తర్వాత విశాఖలో ఒక ఆసుపత్రిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్లాను. వాళ్లకి నా డిసర్టేషన్ మీద పెద్ద ఆసక్తి లేదు. పేషెంటు బంధువు వచ్చి మావాడు మీకేం చెప్పాడో చెప్పమంటే ఏం చేస్తావు, కేసు షీటు ఎక్కడ పెడతావు, ఎమర్జెన్సీలో ఎవరికి చెబుతావు, ఇవే అడిగారు. నేను కార్డులు, నంబర్లు, బీరువా, లెక్చరర్ గారి లిస్టు సంగతి చెప్పాను. ప్యానెల్‌లో ఒకాయన రెండు పుస్తకాల పద్ధతి గురించే మళ్లీ మళ్లీ అడిగారు. ఉద్యోగం వచ్చింది. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ కావాలన్నారు గానీ, ఆ కాలేజీ ఇచ్చిన దాంట్లో "సాయంత్రపు హెల్త్ రూం సహాయకురాలు" అని మాత్రమే ఉంది. దానికే సరేనన్నారు.

ఇప్పుడు చాలా మారింది. 2022 అక్టోబరు 10న టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వచ్చాక 14416 అనే నంబరు ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, ఏ టైములోనైనా ఎత్తుతారు. మా రోజుల్లో ఇది ఉండుంటే రాత్రిపూట మేడమ్ నిద్ర అన్నిసార్లు చెడేది కాదు. సిస్టర్ రిటైరై నరసన్నపేటలోనే ఉంటోంది. పండగలకి ఫోన్ చేస్తే ఇప్పటికీ తిన్నావా అనే మొదలు.

మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఎంఎస్‌డబ్ల్యూలో చేరింది, విజయనగరంలో ఒక కాలేజీవాళ్లు ఇలాంటి పనికే పిలిచారట, చేరనా అప్పా అని, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. జీతం చెప్పబోయింది, అది తర్వాత, రిజిస్టర్ ఎవరి టేబుల్ మీద ఉంటుందో కనుక్కున్నావా అన్నాను. లేదంది. నీ నోట్సు చదివి కొట్టేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నాను. అదీ తెలీదంది. ఈ రెండూ కనుక్కుని చెయ్యమన్నాను ఫోను. ఇంకా చెయ్యలేదు.